రోడ్డు దాటిన తొండ

మొన్న వానల్లో నా పెద్దబిడ్డ జ్వరంతో పోయింది. దవాఖానకు ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని వెళ్ళిన పిల్ల మళ్ళీ మాట్లాడకుండానే ఇంటికి వచ్చింది. ఆమె చదివిన కాలేజీ వాళ్ళు వచ్చి, బిడ్డ గురించి నాలుగు మాటలు రాసివ్వమ్మా, పుస్తకంలో వేస్తాం అన్నారు. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల ముందు నేను జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. రోడ్డు అవతల సగం గుట్ట ఉంది. ఇవతల నా పొయ్యి వెనక కాసిని బండలు మిగిలాయి. ఒకప్పుడు అంతా ఒకటే గుట్ట, నేను మేకలను మేపిన గుట్ట. దాన్ని నడుమకు కోసి రోడ్డు వేశారు. నా బిడ్డ చదువంతా ఆ గుట్ట మీది తొండల గురించే.

వాళ్ళ నాయన పాత చొక్కా తొడుక్కుని, దుర్భిణి పట్టుకుని ఎండలో కదలకుండా కూర్చునేది. "మనం కూడా రాయే అని అవి అనుకోవాలమ్మా" అనేది. ఆకలైతే రోడ్డు దాటి వచ్చి మాడిన రొట్టె ఏరుకుని తినేది. మంచిది ఇస్తే వద్దనేది.

నా దగ్గర రోజూ రొట్టె తినే కోస్తా సారు ఒకసారి అడిగాడు. "మీ అమ్మాయి ఆ రాళ్ళ మీద ఏం చూస్తోందండీ?"

"తొండలకు సంబంధాలు చూస్తుంది సార్. మీక్కూడా చూడాల్నా?"

"అమ్మో, వద్దండీ. మా ఆవిడ ఊరుకోదు!"

అప్పుడే రొట్టెకు రోడ్డు దాటి వచ్చిన బిడ్డ పడీ పడీ నవ్వింది. "నువ్వన్నది నిజమేనమ్మా. సంబంధాలు కలిసినంత కాలమే ఒక జాతి" అంది. రొట్టె తుంచుతూ చెప్పింది. గుట్ట తెగితే అటువైపువి ఇటు రావు, ఇటువైపువి అటు పోవు. ఇక్కడ పుట్టిన తేడా ఇక్కడే ఉండిపోతుంది. బండ రంగులో కలిసిపోయినది గద్ద కంట పడదు, దాని పిల్లలే పెరుగుతాయి. అట్లా తరాల మీద తరాలు గడిస్తే, మళ్ళీ కలిసినా ఒకదాని సైగ ఇంకోదానికి తెలియదు. కలిసినా పిల్లలు కావు, ఒకవేళ అయినా ఆ పిల్లలకు పిల్లలు కావు.

"కంచరగాడిద లెక్కనా?"

"గంతే! అప్పుడు రెండు జాతులైనట్టు."

నవ్వాను గానీ, ఆ మాట నా కడుపులో ఉండిపోయింది. ఎందుకంటే ఆమె ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే పక్కనే కూర్చున్నా నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఒకరోజు పట్టలేక అనేశాను. "నా కడుపుల పుట్టినవు గానీ బిడ్డా, ఇప్పుడు నీ జాతి వేరు, మా జాతి వేరు." ఆమె రొట్టె మీది మాడును గోరుతో గీకుతూ కూర్చుంది.

ఆ ఎండాకాలం నా వెనక బండల మీద ఒక మగ తొండ ఉండేది. వీపు ఎర్రగా, పక్కలు నల్లగా, పెళ్ళికొడుకులా. పొద్దంతా తల ఎత్తి దించి, ఎత్తి దించి పిలిచేది. వచ్చే ఆడది లేదు. చూడలేక, చిన్నప్పుడు పట్టినట్టు ఈనె పుల్లకు ఉచ్చు వేసి పట్టాను. రొట్టెల గంపలో మూతేసి, రోడ్డు దాటించి, అవతలి గుట్ట మీద వదిలాను.

బిడ్డ లేచి నిలబడింది. "అమ్మా! ఏం పని చేసినవే! నా పనంతా ఆగమాగం చేసినవ్!"

"పాపం, ఒక్కటే ఉన్నది బిడ్డా. గీ అవతలోళ్ళు దాన్ని గుర్తుపడతరా లేదా చూద్దామని..."

నా మొహం చూసి ఆమె కోపం ఆగిపోయింది. నేను ఎవరి గురించి అడుగుతున్నానో ఆమెకు తెలిసింది. ఇద్దరం పక్కపక్కన రాళ్ళలా కూర్చున్నాం. చాలాసేపటికి తొండ తల ఎత్తింది, దించింది. పై బండ మీద ఆడది పారిపోలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"చూసినవా? ఇంకా విడిపోలే" అంది బిడ్డ, గుసగుసగా. "జాతి వేరు కావాలంటే వేలవేల తరాలు కావాలె. నీకూ నాకూ నడుమ ఒక్క తరమే గదమ్మా."

సాయంత్రం దాన్ని మళ్ళీ పట్టి, తన లెక్క తప్పకుండా ఇవతల నా వెనక బండల మీదే వదిలింది.

అప్పటి నుంచి మాకు అదే సైగ. బండ్ల మోతలో పిలిస్తే వినపడదు. రొట్టె కాలగానే నేను ఇవతల నుంచి తల ఎత్తి దించేదాన్ని. అవతల బండ మీద నుంచి ఆమె గడ్డం ఎత్తేది. వస్తున్నా అని.

దవాఖానలో అద్దం అవతల పడుకోబెట్టారు. నోట్లో గొట్టం. ఆమె కళ్ళు నా వైపు తిరిగినప్పుడు ఏం చెయ్యాలో తెలియక తల ఎత్తి దించాను. ఆమె గడ్డం కొంచెం లేచింది. అంతే. అదే ఆఖరు.

మళ్ళీ పొయ్యి పెట్టుకున్నాను. తినేవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. రొట్టె కాలగానే నా తల దానంతట అదే అవతలి గుట్ట వైపు లేస్తుంది. ఒక్కోరోజు బండ మీద తొండ ఉంటుంది. ఒక్కోరోజు వట్టి బండే. మాడిన రొట్టె ఒకటి పక్కన పెట్టి, అది చల్లారేదాకా అటే చూస్తాను.