బొచ్చె చేప వెనక గోడ

“చేపకి పాస్‌వర్డ్ తెలిస్తే ఏం చేస్తుందండీ?” అని మా జనరల్ మేనేజరుగారు అన్న రోజు నాకు బాగా గుర్తు. సోమవారం. మీటింగు హాల్లో ఏసీ పనిచేయడం లేదు. నాతో కలిపి పదకొండు మందిమి ఉన్నాం. పది మంది నవ్వారు. నా పక్కన కూర్చున్న అకౌంట్సు ఆయన ఒకసారి నవ్వి, నా మొహం చూసి, మళ్ళీ నవ్వారు.

ఆ మాటకి కారణం ఒక ఫోటో. మాది ఏలూరులో ఆఫీసు పెట్టి, చేపలు కొని బయటి రాష్ట్రాలకు పంపే కంపెనీ. అందులో కంప్యూటర్ సెక్షన్ నాది. కొల్లేటి గట్టు మీద మా కొనుగోలు కేంద్రంలో ఒకాయన పెద్ద బొచ్చె చేపను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఫోటో దిగి, కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ చేపను చూశారు. వెనక గోడ మీద ఎర్ర పెయింటుతో, అరచేయంత అక్షరాలతో రాసి ఉన్న మా సిస్టమ్ పాస్‌వర్డ్‌ను నేను చూశాను. వెంటనే ఉత్తరం రాశాను. ఆ ఉత్తరానికి జవాబే పైన చెప్పిన జోకు.

నాలుగేళ్ళ తరవాత కంపెనీలో సమాచార భద్రతకి మేనేజరు పోస్టు ఒకటి పెట్టారు. దానికి ఒక సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. పాసైతే పోస్టు నాది, లేకపోతే హైదరాబాదు నుంచి ఎవరినో తెస్తారు. అంతకుముందు మా సెక్షన్ మీదకి అలా తెచ్చిన ఇద్దరికీ పని నేర్పింది నేనే. ఇద్దరూ నా కుర్చీలో కూర్చుని నాకు స్టూలు చూపించారు. పైగా పరీక్షకి కంపెనీయే పంపుతోంది కాబట్టి, పాసైనా ఫెయిలైనా మూడేళ్ళ దాకా ఉద్యోగం మానకూడదని సంతకం చేయించుకున్నారు. మొదటిసారి ఫెయిలయ్యాను. రెండోసారి కూడా పోతే ఆ స్టూలు మీదే మూడేళ్ళు. మానేద్దామన్నా వీల్లేదు.

తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్లో వచ్చేదాన్ని. చదువంతా అందులోనే. పూళ్ళ దగ్గర ఎక్స్‌ప్రెస్ కోసం మా బండిని పక్కన పెట్టేవారు. కిటికీ పక్కన నలుగురి మధ్య ఇరుక్కుని ఫోన్లో మాదిరి ప్రశ్నలు చేసేదాన్ని. తప్పు జవాబు నొక్కితే ఎర్ర గీత వచ్చేది. ఎర్ర గీతలే ఎక్కువ వచ్చేవి.

ఆ ప్రశ్నల పద్ధతి నాకు మింగుడు పడలేదు. పాడైనదాన్ని బాగుచేయడం నాకు తెలుసు. వాళ్ళు అడిగేది మాత్రం “మేనేజరు మొదట ఏం చేయాలి” అని. నేను ఆపేయాలి అంటే తప్పు. తాళం వేయాలి అంటే తప్పు. ఎదురుగా ఏలూరు ఇత్తడి సామాన్ల కొట్టు పెద్దాయన కూర్చునేవారు. వేళాకోళం మనిషి.

“ఏవమ్మా, ఇవాళ ఎన్ని తప్పులు?”

“మీకెందుకండీ?”

“కోప్పడకమ్మా. ఒకటి చదువు, నేనూ చెప్తాను.”

నోరు మూయిద్దామని చదివాను. ఒక శాఖలో అందరూ ఒకే లాగిన్ వాడుతున్నారు, సెక్యూరిటీ మేనేజరు మొదట ఏం చేయాలి? ఆపించాలి అన్నది నా జవాబు. అప్పటికే ఎర్ర గీత వచ్చింది.

“ఎందుకలా వాడుతున్నారో అడగాలి కదమ్మా,” అన్నారాయన. “మా కొట్లో పనివాళ్ళు అందరూ ఒకే తాళంచెవి వాడితే, రెండోది నేనివ్వలేదేమో అని ముందు చూసుకుంటాను.”

అదే సరైన జవాబు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పన్నెండు పుస్తకాలు చదివిన నాకు రానిది గంగాళాలు అమ్మే ఆయనకి వచ్చింది. మర్నాడు వేరే పెట్టె ఎక్కాను.

కానీ ఆ ప్రశ్న వదల్లేదు. నాలుగేళ్ళుగా ఆ కేంద్రం మీద ఉత్తరాలు రాస్తున్నాను, ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు. పరీక్షకి వారం ముందు కంపెనీ వ్యానులో వెళ్ళాను. నాకేదో బుద్ధి వచ్చి కాదు, గోడ మీద ఇంకా అలాగే ఉందని ఫోటో తీసుకుందామని.

అలాగే ఉంది. ఎవరో పెయింటు మళ్ళీ దిద్దారు కూడా. చెరువుల్లోంచి చేపల పట్టుబడి జరుగుతోంది. ట్రేల నిండా శీలావతులు, కింద ఐసు నీళ్ళు. కాటా దగ్గర బరువులు కంప్యూటర్లో ఎక్కించే ఆవిడ ఒక చేత్తో కొంగు బిగించి, ఇంకో చేతి మునివేళ్ళతో కీబోర్డు కొడుతోంది.

“ఇదేంటమ్మా, గోడ మీద ఇలా రాసుకున్నారు?”

“మీరెవరండీ?”

“కంప్యూటర్ సెక్షన్.”

ఆవిడ చెయ్యి ఆగింది. “ఆ సెక్షనేనా! మేం ఏడుగురం అండీ. రోజుకొకళ్ళం కాటా దగ్గరుంటాం. తలా ఒక లాగిన్ ఇమ్మని రెండుసార్లు కాగితం పెట్టాం. రెండుసార్లూ తిప్పి పంపారు. చేపేమో ఎండలో ఆగదు కదండీ. అందుకని ఉన్న ఒక్కదాన్నే గోడకెక్కించాం.”

“ఎవరు తిప్పి పంపారు?”

“ఏమోనండీ. ఫారం సరిగా లేదని ఎర్ర ఇంకుతో రాశారు. ఆ రాత మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపడతాను.”

మా సెక్షన్లో ఎర్ర ఇంకు వాడేది నేనే.

ఆఫీసుకు వచ్చి పాత ఫైలు తీశాను. రెండు కాగితాలూ ఉన్నాయి. ఏడు పేర్లు, ఒక వేలిముద్ర, మూలన చేప పొలుసు ఒకటి అంటుకుని ఎండిపోయింది. “నిర్ణీత ఫారంలో పంపగలరు.” కింద నా సంతకం. నాకు దాని జ్ఞాపకమే లేదు. మీటింగులో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో చెప్పగల నాకు. ఫారం గురించి నేను రాసినది నిబంధన ప్రకారం సరైనదే. ఇప్పటికీ అదే అంటాను. ఆ సాయంత్రమే ఏడు లాగిన్లు చేసి పంపాను, ఫారం లేకుండా.

పరీక్షకి విజయవాడ వెళ్ళాను. కిటికీలు లేని గది, నాలుగు గంటలు, పైన కెమెరా. ప్రతి ప్రశ్నకీ నాకు తోచిన జవాబు పక్కన పెట్టి, ఆ కాటా ఆవిడ ఏమంటుందో అనుకుని నొక్కాను. చివర తెరమీద పాస్ అని వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఐదేళ్ళుగా ఈ పని చేస్తున్నానని పై అధికారి సంతకం పెడితేనే సర్టిఫికెట్టు. నా ఉత్తరాలన్నీ కట్టకట్టి జనరల్ మేనేజరుగారి ముందు పెట్టాను. పైన, ఆయన నవ్విన ఉత్తరం.

“ఇదేంటండీ?”

“చేపకి పాస్‌వర్డ్ తెలిస్తే ఏం చేస్తుందన్నారు కదండీ. ఆ ఉత్తరం.”

“నేనా? నేనలా అన్నానా?” ఆయన నిజంగానే ఆలోచించారు. “ఎప్పుడండీ?”

చెప్పాను. రోజు, గది, ఏసీ, పది మంది. ఆయనకి గుర్తు రాలేదు. క్షమాపణ చెప్పకుండా సంతకం పెట్టేశారు. కట్టలో ఆ రెండు ఎర్ర ఇంకు కాగితాలు నేను పెట్టలేదు. అవి నా సొరుగులో ఉన్నాయి.

కుర్చీ నాదయింది. ఇంకా రెండేళ్ళ మీద ఎనిమిది నెలలు ఇందులోంచి లేవడానికి లేదు. గోడకి సున్నం వేశారా అని మొన్న కేంద్రానికి ఫోన్ చేశాను. కాటా ఆవిడే ఎత్తింది.

“వేశామండీ. లాగిన్లూ వచ్చాయి,” అంది. “ఐదేళ్ళు పట్టిందండీ.”

థాంక్స్ చెప్పలేదు. ఆవిడ చోట ఉంటే నేనైనా చెప్పను.