వెళ్ళొస్తానని చెప్పని మనిషి

మా ఇంట్లో ఫోను మోగిందంటే ఎక్కడో ఎవరో పోయారని అర్థం. పోయిన నెల మాత్రం ఆ ఫోను మేమే చేయాల్సి వచ్చింది. మా మామగారు పోయారు. పొద్దున కాఫీ తాగి, కొట్టు తెరిచి, స్టూలు మీద కూర్చుని వెదురు బొంగు చెక్కుతూ చెక్కుతూ అలాగే గోడకి ఆనుకున్నారు. మజ్జిగ తీసుకెళ్ళిన మా అత్త, కునుకు తీస్తున్నారనుకుని గ్లాసు పక్కన పెట్టి వచ్చేసింది. కాసేపటికి నేను వెళ్ళాను. గుమ్మంలోంచే తెలిసిపోయింది. వీధి చివర డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుండె ఆగిందన్నాడు.

పోయినవారిని ఉంచడానికి అద్దెకిచ్చే మా ఐసు పెట్టె అప్పటికే వేరే ఊళ్ళో ఒకరింట్లో ఉంది. వాళ్ళ పిల్లలు దూరం నుంచి రావాలి, దాన్ని వెనక్కి తెమ్మని అడగలేం. నెల్లూరులో ఇంకో కొట్టుకి ఫోను చేశాను. అవతలి మనిషి మర్యాదగానే అడిగాడు. "పోయినోళ్ళు మీకేమవుతారమ్మా?"

అది నేను రోజూ ఇతరుల్ని అడిగే ప్రశ్న. అడిగి, జవాబు వినీ వినకుండానే చిరునామా అడుగుతాను. దానికి జవాబు చెప్పడానికి అంతసేపు పడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"హలో? లైన్లో ఉండారామ్మా?"

"ఉన్నా. మా మామ" అన్నాను.

నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద మా ఊరు. కొట్టుకి బోర్డు లేదు. వెదురు బొంగులు, కుండలు, పిడకలు, తెల్లగుడ్డ తానులు, గంధం, మరమరాల సంచులు. ఇంటి ముందు ఒక వ్యాను. దాని మీద వైకుంఠ రథమని రాసి ఉంటుంది గానీ ఇంట్లో మేం బండి అనే అంటాం. ఒకసారి నేను బోర్డు పెట్టిద్దామంటే మామగారు నవ్వారు. "బోర్డేంటికమ్మాయ్? ఇది చూసి ఎవురన్నా లోపలికొస్తారా? రావాల్సినోళ్ళకి దారి తెలస్తాది."

నాది వెంకటాచలం అవతల వరి పండించే ఊరు. మా నాన్న నాకు ట్రాక్టరు తోలడం నేర్పాడు, నేను ఇష్టపడ్డ సంబంధమని సరేనన్నాడు. మా ఆయనకి కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం. చిన్నప్పుడు బడిలో పిలకాయలు పెట్టిన పేరు తప్పించుకోడానికే ఆ ఉద్యోగంలో చేరానని నాతో చెప్పాడు. ఆ పేరేమిటో నేను అడగలేదు.

పెళ్ళి రోజు తలంబ్రాలు అయిపోతున్నా మామగారు కనిపించలేదు. మా నాన్న వెతుక్కుంటూ వెళితే వంటల షామియానా వెనక నిలబడి ఉన్నారట. కొత్త పంచె, కొత్త చొక్కా, చేతిలో అక్షింతలు. అక్కడి నుంచే వేశానన్నారట. శుభకార్యంలో తన మొహం ముందుకు రాకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనే అలవాటు చేసుకున్నారు. మా నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "వియ్యంకుడు లేని పెళ్ళేంది బావా, రా" అని. ఫొటోలో మామగారు మా నాన్న భుజం వెనక సగమే కనిపిస్తారు.

కాపురానికి వచ్చిన కొత్తలో భయపడ్డాను. బొంగులు ఎండబెట్టిన పెరట్లోకి చీకటి పడ్డాక వెళ్ళేదాన్ని కాదు. ఆ భయం పోవడానికి కారణం మామగారి నవ్వు. పని నుంచి రాగానే పెరట్లో తలస్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని, టీవీలో హాస్యం సినిమా పెట్టుకుని కూర్చునేవారు. చూసిన సినిమానే మళ్ళీ చూసి, రాబోయే మాటకి ముందే నవ్వేవారు. ఆ నవ్వు వీధిలోకి వినిపిస్తుంటే మా అత్త తలుపు దగ్గరికి వేసేది. "పొద్దున సావింట్లో ఉన్న మనిషేనా అనుకుంటారయ్యా." ఆయనకి పట్టేది కాదు. సాయంత్రం కారం దోశ పొట్లం కట్టించుకొచ్చి నా కూతురికి తినిపించేవారు. కారం ఆయన తిని, దోశ దానికి పెట్టేవారు.

ఒక్క అలవాటు మాత్రం ఇంట్లో కూడా వదల్లేదు. వెళ్ళొస్తానని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చావింటి నుంచి వచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు, అది అందరికీ తెలిసిందే. మామగారు సొంత ఇంట్లోంచి సంతకి వెళ్ళినా, మా పుట్టింటికి వచ్చి వెళ్ళినా, లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. మా అమ్మ మొదటిసారి నొచ్చుకుంది. అత్త మాత్రం పెళ్ళైన కొత్తలో అడిగి అడిగి మానేశానంది.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు మా బండి తోలే మనిషి భయపడి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పు పట్టలేం. మా ఆయన జ్వరంతో మేడ మీద గదిలో విడిగా ఉన్నాడు. మామగారికి సైకిలు తప్ప ఇంకేదీ తోలడం రాదు. ఫోను మోగుతూనే ఉంది. ఆ రోజు పక్క వీధిలో ఒకావిడ పోయింది. భర్త వాకిట్లో ఒక్కడే నిలబడి ఉన్నాడని, చుట్టాలెవరూ రాలేదని కబురొచ్చింది. మామగారు తాళంచెవి చేత్తో పట్టుకుని బండి చుట్టూ తిరిగారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, నీకు ట్రాక్టరు తోలడం వచ్చు గదా?"

నేను జవాబు చెప్పకముందే అత్త వంటింట్లోంచి వచ్చేసింది. "మతుండే మాట్లాడతుండావా? ఆడకూతురు కాటికి పోతాదా యాడన్నా?"

"పోయినామె కూడా ఆడకూతురే గదే" అన్నారాయన. "ఆమె పోవడంలా?"

అత్త లోపలికి వెళ్ళి తన పాత చీర చింపి, నా మొహానికి రెండు మడతలు వేసి కట్టింది.

అలా నేను బండెక్కాను. ఆ వేసవంతా మామగారు, నేను తిరిగాం. అప్పటి రోజుల గురించి నాకు ఎక్కువ గుర్తు లేదు. గుర్తున్నది స్టీరింగు వేడి. మామగారు ప్రతిచోటా దిగగానే పోయినవారి వైపు కాకుండా ఇంట్లోవాళ్ళ వైపు చూసేవారు. ఎవరు ఏడవడం లేదో వెతికేవారు. "ఏడ్చేవోళ్ళని ఏడవనీ అమ్మాయ్. ఏడవనోళ్ళకి నీళ్ళియ్యి" అనేవారు. నేను సీసా తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. కొందరు తాగేవారు. కొందరు అది ఏమిటన్నట్టు చూసేవారు. అప్పుడు మామగారే వచ్చి వాళ్ళ చేతిని సీసా చుట్టూ మూసేవారు.

రోగం తగ్గాక కూడా నేను బండి దిగలేదు. ఊళ్ళో మాటలన్నారు. మా ఆయన కూడా ఒకరోజు, "ఇంక చాల్లే, వేరే మనిషిని పెడదాం" అన్నాడు. మామగారు అన్నం తింటూ తల ఎత్తకుండా, "అడగాల్సింది ఆ పిల్లని" అన్నారు. నేను తోలతానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన పక్క సీట్లో కూర్చుంటే నాకు నెమ్మదిగా ఉండేది.

తర్వాత ఒకసారి మైపాడులో చేపల వేటకి వెళ్ళిన పడవ బోర్లాపడింది. ఒకతను దొరకలేదు. మామగారు ఎవరూ పిలవకుండానే పోదాం పదమన్నారు. ఒడ్డు దగ్గరపడగానే బండిని సరుగుడు తోపు వెనక ఆపమన్నారు.

"ఇంత దూరంలోనా మామా?"

"ఆ తల్లి మన బండి చూసిందంటే ఆశ వదులుకుంటాది. ఆమె వదులుకునేదాకా మనం కనపడగూడదు."

దిగి నడుచుకుంటూ వెళ్ళాం. దొరకనతని తల్లి నీళ్ళ అంచున నిలబడి ఉంది. అల వచ్చి కాళ్ళు తడుపుతున్నా వెనక్కి జరగడం లేదు. మామగారు కాస్త ఎడంగా ఇసకలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. ఆయన లేవలేదు, ఆమె ఇటు తిరగలేదు. చివరికి దూరంగా ఒడ్డున కేక వినపడింది, మనుషులు అటు పరిగెత్తారు. ఆమె మాత్రం కదల్లేదు. మామగారు లేచి వెళ్ళి నీళ్ళ సీసా పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డారు.

"ఎవురయ్యా నువ్వు?" అంది ఆమె.

"ఎవురూ కాదు తల్లీ. నీళ్ళు తాగు."

ఆమె తాగింది. తాగి, "బండి తెచ్చినావా?" అని అడిగింది. మామగారు తల ఊపారు. "తెమ్మను అయితే" అంది. నేను తోపు వెనక్కి నడిచాను. తిరుగుదారిలో మామగారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

ఇవన్నీ పెద్ద సంగతులని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఆయన్ని గొప్పవాడని రాయడానికి నాకూ మాటలు రావడం లేదు. ఆయన నాకు ఒక పని నేర్పారు. కూర్చోవలసిన చోట కూర్చోవడం, మాట్లాడకూడని చోట మాట్లాడకపోవడం. ఇంకేమైనా నేర్పారేమో తర్వాత తెలుస్తుంది.

పోయినరోజు నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గడ్డం కింద గుడ్డ కట్టాను, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టాను, దీపం పెట్టాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి ఏదో అనుకున్నారు. ఒకావిడ పైకే అంది, "కోడలికి కంట తడి లేదు చూడు" అని. నిజమే, లేదు. ఇది రాస్తున్నప్పుడూ లేదు. ఆ రోజు నాకు నీళ్ళిచ్చినవాళ్ళెవరూ లేరు. తప్పు వాళ్ళది కాదు. అది తెలిసిన మనిషి పెట్టెలో పడుకుని ఉన్నారు.

మా ఆయన పోర్టు నుంచి డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. పాడె కట్టడానికి వేరేవాళ్ళని పిలుద్దామంటే వద్దని తనే కూర్చున్నాడు. బొంగులు పేర్చాడు గానీ తాడు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"ఈ ముడి ఎట్టా ఏసేది?" అన్నాడు నాతో, నెమ్మదిగా.

పుట్టినప్పటి నుంచి ఆ పెరట్లో పెరిగినవాడు. నేను పక్కన కూర్చుని తాడు మొదటి చుట్టు చూపించాను. రెండోది ఆయన వేశాడు. జారిపోయింది. విప్పి మళ్ళీ వేశాడు. "నాయన ఎప్పుడూ నేర్పీలా" అన్నాడు. "నువ్వు నేర్చుకోగూడదనే అనుకున్నారేమో" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని మూడో చుట్టు వేశాడు.

బండి నేనే తోలాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. బయల్దేరబోతుంటే అత్త వచ్చి ముందు తలుపు తీసి, మామగారు కూర్చునే సీట్లో ఎక్కి కూర్చుంది. ఇద్దరు ముగ్గురు దిగమన్నారు. ఆమె విననట్టే ముందుకి చూస్తూ ఉంది. నేను బండి కదిపాను.

కాష్టానికి నిప్పు పెట్టాక అయినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. మా ఆయన, చుట్టాలు అలాగే నడిచి వెళ్ళిపోయారు. ఎవరి చావుకైనా, వాళ్ళంతా వెళ్ళాక మామగారు మాత్రం మంట తగ్గేదాకా అక్కడే ఉండేవారు. కాటికాపరి ఉన్నాడు కదా, మనమెందుకని ఒకసారి అడిగితే, "అయినోళ్ళు చూడగూడదు. ఎవురో ఒకరు చూస్తా ఉండాల గదమ్మాయ్" అన్నారు. ఆ సంగతి అత్తకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆమెకి ముందే తెలుసు.

"ఆయన యాడ కూసునేవాడు?" అంది బండిలోంచి.

మంటకి ఎదురుగా ఉన్న చిన్న పిట్టగోడ చూపించాను. అత్త తలుపు తీసుకుని దిగింది.

"అత్తా, మనం అయినవాళ్ళం. ఉండకూడదు."

"నువ్వు బిన్నా ఇంటికి పో, ఆలస్యం చెయ్యబాక. పిల్ల ఒక్కతే ఉంటాది" అంది, నడుస్తూనే.

నేను వెళ్ళలేదు. ఆమె పిట్టగోడ మీద చెయ్యి పెట్టి, కాలినట్టు వెంటనే తీసేసింది. మళ్ళీ పెట్టింది. నెమ్మదిగా కూర్చుంది.

"ఇంత ఎండలోనా కూసునేవాడు!" అంది.

నాలుగడుగులు వేస్తే సరుగుడు చెట్ల నీడ ఉంది. అక్కడికి రమ్మన్నాను. రాలేదు. కొంగు తల మీదికి లాక్కుంది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగి, పొగ మా మీదికి వచ్చింది. అత్త మొహం పక్కకి తిప్పుకోలేదు.