వెనక దర్వాజ గుండా వెళ్లిన మనిషి

ఇరవై రెండేళ్లుగా సర్కారు బడిలో సైన్సు చెప్తున్నాను. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎట్లా కారుతుందో, అరచేతిలో కర్పూరం ఎట్లా వెలిగిస్తారో పిల్లల ముందు చేసి చూపించి, మంత్రగాళ్ల గుట్టు విప్పడం నాకు సరదా. దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. నేను చూసిన మనిషి చనిపోలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకు కూడా జైల్లో బతికే ఉన్నాడు.

మాది హుస్నాబాద్ దగ్గర ఒక ఊరు. తాతల కాలం నుంచి మెథడిస్టు సంఘం వాళ్లం. మా చెల్లెలు శాంతను ఊళ్లోనే ఇచ్చాం. ఆమె ఇంటికి, మా ఇంటికి మధ్య ఒక సందు మాత్రమే అడ్డం. మా వెనక అరుగు మీద కూర్చుంటే వాళ్ల వెనక దర్వాజ కనిపిస్తుంది. బావ దానియేలు పత్తి మిల్లులో పనిచేస్తాడు.

మూడేళ్ల కింద ఒక శనివారం మధ్యాహ్నం, బావ డ్యూటీలో ఉండగా, శాంతను, నాలుగేళ్ల రూతును ఇంట్లోనే చంపేశారు. శాంత మెడలోని బంగారు గుండ్లు, చెవుల కమ్మలు పోయాయి. అంతకంటే వివరంగా రాయడం నా వల్ల కాదు.

ఆ సమయానికి నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒకసారి తల ఎత్తినప్పుడు శాంత ఇంటి వెనక దర్వాజలోంచి ఒక మనిషి వంగి బయటకు వచ్చాడు. వచ్చీ రాగానే పక్కకు తిరిగి చేన్ల వైపు వెళ్లిపోయాడు. నీలం గళ్ల చొక్కా. నాకు కనిపించింది వీపు. పెంకలు సర్దడానికి వచ్చిన కూలీ అయి ఉంటాడనుకుని మళ్లీ పేపర్లలో తల దూర్చాను. ఆ రోజు పిలిచి ఎవరని అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు.

రెండు రోజులకు ఇమ్మానుయేలును పట్టుకున్నారు. సెంట్రింగు పనిచేసే ఇరవై ఆరేళ్ల పిల్లవాడు, మా సంఘంవాడే. అంతకు వారం ముందే శాంత ఇంటి పైకప్పు పెంకలు సర్ది వెళ్లాడు. శాంత ఫోను ఇమ్మానుయేలు ఇంటి వెనక పెంటకుప్పలో దొరికింది. అతనికి నీలం గళ్ల చొక్కా కూడా ఉంది. స్టేషన్లో "అతనేనా సారూ?" అని అడిగితే మొదటిసారి "అట్లనే ఉండె" అన్నాను. రెండోసారి "అతనే అనుకుంటున్న" అన్నాను. కోర్టు బోనులో నిలబడేనాటికి "అతనే, నా కండ్లతోని చూసిన" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ వీపుకు ముఖం ఎప్పుడు అతుక్కుందో నాకే తెలియదు. ఒట్టేసి చెప్పమంటే వేసేవాణ్ణి.

కేసు నడిచిన ఆ రెండేళ్లు మా స్టాఫ్ రూంలో ఉరిశిక్ష ఉండాలా వద్దా అనే మాట వస్తే నాదే పెద్ద గొంతు. ఉండాల్సిందే, అదీ నలుగురూ చూస్తుండగా వేయాలి అనేవాణ్ణి. లెక్కల సారు ఖలీల్ ఒక్కడే ఎదురు మాట్లాడాడు. "సార్, ఫికర్ జేయకుర్రి, మీ బాధ నాకు సమజైతది. గని ఉరి తీసినంక తప్పని తేలితే ఎవ్వలకు చెప్పుకుంటం?" అన్నాడు. నేను అతనితో నెల రోజులు మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని వేరే గదిలో కూర్చుని తినేవాణ్ణి. నా మేనకోడలు పోయింది, నీకేం పోయింది అని మనసులో తిట్టుకునేవాణ్ణి.

ఇమ్మానుయేలుకు ఉరి పడింది. శిక్షను హైకోర్టు ఖాయం చేయాలి, అప్పటిదాకా పెద్ద జైల్లో ఉంచుతారు అన్నారు. మా పక్కింటావిడ ఉరి పడితే వస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కుకుందట, మర్నాడే బస్సెక్కి వెళ్లి వచ్చింది. మేమేం తక్కువ తిన్నామా? కృతజ్ఞత కూడిక పెట్టాం.

మా సంఘంలో ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ మంచిగా జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాస్టరయ్య వచ్చి వాక్యం చెప్తాడు, పాటలు పాడతారు, ఇంటివాళ్లలో ఒకరు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తారు, తర్వాత లడ్డూ, కారా పంచుతారు. ఒక మనిషికి ఉరి పడిందని కూడిక పెట్టిన ఇల్లు మాత్రం మాది తప్ప ఇంకొకటి ఉండదు. పాస్టరయ్య నసిగాడు. "పోయినోళ్ల పేరు మీద ఆదరణ కూడిక అందాం సారూ, గిది వద్దు" అన్నాడు. బావ, నేను వినలేదు. నేనే ఎక్కువ పట్టుబట్టాను.

కూడిక శాంత ఇంట్లోనే, ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు. ఇంకా ఎండ బాగా ఉంది. మగవాళ్లు ముందు వసారాలో కుర్చీల మీద, ఆడవాళ్లు లోపలి గదిలో చాపల మీద కూర్చున్నారు. లోపలి గది చివర వెనక దర్వాజ. రెండు పాటలయ్యాక నేను రెండింటి మధ్య గడప మీద నిలబడి సాక్ష్యం మొదలుపెట్టాను. దేవుడు న్యాయం చేశాడు అన్నాను. ఆ మాట పూర్తిగా అన్నాను, బాగా గుర్తుంది.

అప్పుడు ఇమ్మానుయేలును చూశాను. ఆడవాళ్ల వెనక, దర్వాజ పక్కన గోడకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. తెల్లటి పొట్టి చేతుల చొక్కా. జుట్టు నెత్తికి అంటుకునేంత పొట్టిగా కత్తిరించి ఉంది. కుడిచేతి బొటనవేలికి తెల్ల గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూడటం లేదు, చాప అంచును చూస్తున్నాడు. మసకగా లేడు, గాలిలో తేలడం లేదు. అలసిపోయిన మనిషి కూర్చున్నట్టే కూర్చున్నాడు. నాకు ముందు భయం వేయలేదు, కోపం వచ్చింది. వీణ్ణి ఎవరు వదిలారు అనుకున్నాను.

నేను మాట ఆపేశాను. అతను లేచాడు. ఆడవాళ్ల పక్క నుంచి నడిచి వెనక దర్వాజ గుండా బయటకు వెళ్లాడు. ఎండ లోపలికి పడటం కూడా చూశాను.

ఆ దర్వాజ గురించి చెప్పాలి. పాత పెంకుటిల్లు కాబట్టి పైకమ్మీ, అంటే నెత్తి మీది అడ్డకర్ర, చాలా కిందికి ఉంటుంది. నేను వంగాలి, బావ వంగాలి. కొత్తగా వచ్చిన చుట్టం ఎవరైనా నెత్తి కొట్టుకోవాల్సిందే, శాంత పగలబడి నవ్వేది. ఇమ్మానుయేలు వంగలేదు. నిటారుగా వెళ్లాడు. అతని నెత్తికి, కమ్మీకి మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అతను పొట్టివాడు. ఆ శనివారం నేను చూసిన మనిషి వంగాడు. వంగి, పైకమ్మీని చేత్తో పట్టుకుని మరీ బయటకు వచ్చాడు. ఇన్నాళ్లూ ఆ సంగతి నా కళ్లలోనే ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేను చాపల మధ్య నుంచే దర్వాజ దగ్గరికి వెళ్లాను. గొళ్లెం పెట్టి ఉంది, గొళ్లేనికి తాళం ఉంది. ఆ సంఘటన తర్వాత ఆ దర్వాజ ఎవరూ తెరవలేదు, తాళంచెవి బావ మొలతాడుకే ఉంటుంది. అందరూ నన్నే చూస్తున్నారు. దుఃఖం పొంగుకొచ్చి ఉంటుందనుకుని ఎవరో నీళ్లిచ్చారు. గోడ పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం మోకాళ్లు ఒక పక్కకు ముడుచుకుని ఉంది. తర్వాత ఒంటరిగా అడిగాను. "ఎవలో పోతుంటే జరిగిన బిడ్డా, మొకం సూడలే" అంది.

తర్వాతి మూడు రోజులు నాకు నేను పాఠం చెప్పుకున్నాను. నిద్ర లేదు, తిండి లేదు, మెదడు ఏదైనా చూపిస్తుంది. వంగాల్సిన పని లేకపోయినా కొందరు వంగుతారు, పారిపోయేవాడు వంగడా? అన్నీ సరైన మాటలే. ఒక్కటి కూడా పనిచేయలేదు. వంగిన ఆ వీపు ఎంత పొడవుందో ఇప్పుడు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నా మాట మీద ఒక పిల్లవాణ్ణి ఉరి తీయబోతున్నారు.

కరీంనగర్‌లో తెలిసిన వకీలు దగ్గరికి వెళ్లాను. దర్వాజ సంగతి చెప్పాను, మిగతాది చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సారూ, ఉరి కేసుల అబద్ధపు సాక్ష్యమంటే మిమ్ములనే లోపలేస్తరు. నౌకరి పోతది. అయినా గిన్నొద్దులకు గిప్పుడే ఎందుకు యాదికొచ్చిందని అడుగుతరు. ఏం చెప్తరు?" అన్నాడు. నా దగ్గర ఉన్న జవాబు చెప్తే పిచ్చాసుపత్రికి రాసిస్తారు.

బావకు చెప్పినప్పుడు అతను అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. "నీ చెల్లె, నా బిడ్డ పోయిర్రు. వాడు గాదంటే మరి ఎవడు? చెప్పు, పేరు చెప్పు" అన్నాడు. అతను అడిగిన దాంట్లో తప్పు లేదు. వాణ్ణి వదిలేస్తే శాంత చావుకు బాధ్యులు ఎవరూ లేకుండా పోతారు. ఆ రోజు నుంచి బావ మా గడప తొక్కలేదు.

ఇక మిగిలింది ఇమ్మానుయేలు తల్లి. సుందరక్క అంటాం. భర్త లేడు, బీడీలు చేసి బతుకుతుంది. రెండేళ్లుగా చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు, నేను సహా. నేను వెళ్లేసరికి ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయింది. కూడికలో చూసిందంతా ఆమె ఒక్కదానికే పూర్తిగా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, కాళ్ల మీద పడుతుందేమో అని కూడా భయపడ్డాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

"ఎట్లున్నడు సారూ? బక్కగైండా?" అని అడిగింది.

కొడుకును చూసి ఐదు నెలలైందట, ఛార్జీలు లేక, తోడు వచ్చేవాళ్లు లేక. నేను గుర్తున్నంత వరకు చెప్పాను. జుట్టు, చొక్కా, బొటనవేలు. ఆమె ఒక్కొక్కటి మళ్లీ చెప్పించుకుంది. ఆ రోజు నేను నా జీవితంలో ఎప్పుడూ ఏడవనంతగా ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

తర్వాతి వారం నేనే ఆమెను జైలుకు తీసుకెళ్లాను. నేను లోపలికి వెళ్లే ధైర్యం చేయలేదు, గేటు బయట చెట్టు కింద నిలబడ్డాను. గంట తర్వాత ఆమె బయటకు వచ్చి నా దగ్గర కూలబడింది.

"బొటనేలికి గుడ్డ గట్టుకున్నడు సారూ. పల్లెం అంచు కోసుకపోయిందట, ఇంక మానలే. నెత్తి గొరిగినట్టే ఉన్నది. గా ఆదివారం పొద్దుమీకి ఏం జేసినవ్ రా అని అడిగిన. పండుకున్ననే అవ్వా అన్నడు."

వేలు తెగింది కూడికకు నాలుగు రోజుల ముందట. ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు లేరు, తెలిసే దారీ లేదు. నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా దానికి సమాధానం దొరకలేదు. క్లాసులో ఇలాంటిది ఒక పిల్లవాడు చెప్తే, నువ్వు ముందే విని మర్చిపోయి ఉంటావు అనేవాణ్ణి. నేను వినలేదు.

వకీలు వద్దన్నా వినకుండా ఇమ్మానుయేలు తరఫు వకీలుకు అఫిడవిట్ రాసిచ్చాను. నేను ముఖం చూడలేదని, చూసిన మనిషి ఆ దర్వాజకు వంగినంత పొడుగని రాశాను. వేలి గురించి, తెల్ల చొక్కా గురించి ఒక్క ముక్క రాయలేదు. హైకోర్టులో ఆ కాగితం తీసుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు. అవతలి వకీలు మాత్రం అనుకున్న ప్రశ్నే వేశాడు, మూడేళ్ల తర్వాత ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది అని. చూడనిదాన్ని చూశానని చెప్తే అప్పుడు అందరూ నమ్మారు. చూసింది చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

ఖలీల్ సారు దగ్గరికి వెళ్లి ఒకరోజు జరిగిందంతా చెప్పాను. అతను నన్ను ఎగతాళి చేయలేదు, నమ్మానని కూడా అనలేదు. "ఆయన ఇంక బతికే ఉన్నడు గదా సార్, పరేషాన్ కాకుర్రి, జర ఆగుర్రి" అన్నాడు. ఆగడమే చేతకావడం లేదు. ఫోను మోగితే ముందు వకీలు నంబరేనా అని చూస్తాను. అతను చంపలేదని కూడా నేను ఖాయంగా చెప్పలేను. పెంటకుప్పలోకి శాంత ఫోను ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, నేను చూశానని చెప్పిన మనిషి అతను కాదు.

వాదనలు అయిపోయాయి, తీర్పు వాయిదా వేశారు. ఇప్పుడు చర్చిలో నేను సుందరక్క ఉన్న వైపే కూర్చుంటున్నాను, మధ్యలో ఇద్దరు పట్టేంత జాగా వదిలి. ఆరాధన అయ్యాక ఆమె చెప్పులు విడిచిన దగ్గర నా కోసం నిలబడుతుంది. తీర్పు గురించి అడగదు, అఫిడవిట్ గురించి అడగదు. ప్రతి ఆదివారం ఒకటే అడుగుతుంది.

"సారూ, మా పిలగాడు మల్ల కనవడ్డడా?"

"లేదక్కా" అంటాను.

ఆమె తల ఊపుతుంది. కనబడితే మంచిదో, కనబడకపోతే మంచిదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తర్వాత ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం.