నజ్మీ చూడ్డానికి వెళ్లిన గిటార్లు

తుర్కీ దేశంలో, గలాటా బురుజు నుంచి పైకెక్కే మా వీధిలో నజ్మీ ముప్ఫై నాలుగేళ్లుగా గిటార్ల కొట్టు నడుపుతున్నాడు. ఎదురు కొట్లో డప్పులు అమ్మేది నేను. ఊరు చూడ్డానికొచ్చిన పరదేశీయులు అతని కొట్లో దూరి, గోడమీది గిటార్లు ఒక్కొక్కటే దింపి గంటసేపు వాయించి, నవ్వుతూ వెళ్లిపోతారు. వాళ్లంటే నజ్మీకి ఒళ్లు మంట. "కొనేవాడు చేతులతో రాడు, జేబుతో వస్తాడు" అని గొణిగేవాడు.

అరవయ్యో ఏట భార్య ముయెసర్ పట్టుబట్టి అతన్ని బస్సులో గ్రీకు దేశంలోని సెలానిక్ తీసుకెళ్లింది. అతను దేశం దాటడం అదే మొదలు. ముయెసర్ నాయనమ్మ క్రీటు ద్వీపం మనిషి. అందుకని ముయెసర్‌కి గ్రీకు కొంచెం వచ్చు.

రెండోరోజు పొద్దున్న బస్సులో వచ్చిన తోటివాళ్లంతా సముద్రం వైపు నడుస్తుంటే, నజ్మీ ఒక సందు మొదట్లో ఆగిపోయాడు. అద్దం వెనక గిటార్లు.

"ఇందుకా నిన్ను ఇంత దూరం తీసుకొచ్చింది?" అంది ముయెసర్.

"ఒక్క నిమిషం."

లోపలికెళ్లి ఒకటి దింపాడు, దాన్ని పెట్టి ఇంకోటి దింపాడు. కొట్టు యజమానురాలు ఆర్గిరో నడివయసు మనిషి. అరగంట ఓపిక పట్టి, ఏం కావాలని అడిగింది.

"ఏమీ వద్దమ్మా, ఊరికే చూస్తున్నాడు" అంది ముయెసర్.

నజ్మీ అప్పటికి ఒక పాత గిటార్ ఒళ్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు మీటి ఆపేశాడు. "తీగల్ని పట్టి ఉంచే చెక్క ఊడొస్తోంది. వెంటనే తీగలు వదులు చెయ్యమను. లేకపోతే పైపలక కూడా లేచిపోతుంది."

ముయెసర్ ఆ మాట గ్రీకులో చెప్పగానే ఆర్గిరో ముఖం ముడుచుకుంది. "ధర తగ్గించడానికి ఇలాంటివి రోజూ వింటాను. తగ్గదని చెప్పు మీ ఆయనకి."

నజ్మీ జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఆ చెక్క కిందికి తోశాడు. సగం దాకా దూరింది. ఆర్గిరో కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. తర్వాత తనే తీగలు వదులు చేసింది. కాఫీ తెప్పించింది. మాటల్లో అతని పనేంటో తెలిసింది.

"సగం ధరకిస్తాను, తీసుకెళ్లమను. బాగుచేసుకుంటాడు."

"మన కొట్లో నలభై ఉన్నాయి, ఎందుకూ?" అన్నాడు నజ్మీ.

"మరి లోపలికెందుకొచ్చాడట?"

ముయెసర్ ఆ ప్రశ్నని నవ్వాపుకోలేక, ముక్కలు ముక్కలుగా తుర్కీలో చెప్పింది. నజ్మీకి చెవులు ఎర్రబడ్డాయట. "చూడ్డానికే" అన్నాడు. ఆర్గిరో నిచ్చెన తెచ్చి, పైవరసలోవి కూడా దింపింది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. ఆ పర్యటనలో వాళ్లు సముద్రం చూడనేలేదు.

ఇదంతా నాకు ముయెసర్ చెప్పింది. నజ్మీ మాత్రం మారలేదు. వచ్చిన వారానికే, గిటార్లు దింపి వాయిస్తున్న ఇద్దరు బ్రెజిల్ వాళ్లని కసిరాడు.

"నువ్వు చేసిందీ అదేగా, ఉస్తాద్" అన్నాను.

"నేను గిటార్‌కున్న జబ్బు కనిపెట్టి వచ్చాను. వీళ్లు తెచ్చిపెడతారు" అన్నాడు.

అప్పట్నుంచి ఏటా వసంతంలో ఏదో ఒక ఊరు వెళుతున్నారు. సోఫియా, ట్యూనిస్, వలెన్సియా అయ్యాయి. అతను లోపల గిటార్లు చూస్తుంటే, ఆవిడ కొట్టు బయట కుర్చీ వేయించుకుని ఊలు అల్లుకుంటుంది. ఇంతవరకూ ఒక్కటీ కొనలేదు. ఈ ఏడు బెల్‌గ్రేడ్ అంటున్నారు.