ఐసుపెట్టెలో ఉండిపోయిన సీసా

దయ్యాలంటే భయపడేవాళ్ళని నేను తెగ ఏడిపించేదాన్ని. పరీక్ష చేసి చూపించలేనిది లేనట్టే అని వాదించేదాన్ని. ఇప్పుడిది రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు, నా మనసులో బరువు దింపుకోవడానికి.

నేను యానాంలో ఒక చిన్న పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కలరా క్రిమి తయారుచేసే విషాన్ని, క్రిమి లేకుండా, శుద్ధిచేసిన పొడిగా తెప్పించుకుంటాం. కణాలు ఎలా స్పందిస్తాయో చూడటానికి అది రవ్వంత చాలు. చిటికెన వేలంత గాజు సీసాలో, అడుగున ఉందో లేదో తెలియనంత పొడి. చంటిపిల్లల కడుపులోకి వెళ్తే ఏమవుతుందో తలుచుకోవాలన్నా భయమే.

పార్సిల్ థర్మోకోల్ పెట్టెలో వస్తుంది. ఖాళీ పెట్టెల్ని చేపలమ్మే నూకరత్నమ్మకి ఇచ్చేయడం మా అలవాటు. మంచి పెట్టె పారేయడానికి మాకెవరికీ మనసొప్పదు. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజు రెండు సీసాలు రావాలి. నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది, తొందరగా ఇంటికి పోవాలని చూస్తున్నాను. రెండూ అందాయని లెక్క చూడకుండా సంతకం పెట్టేసి, చేతికందిన సీసా ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం పెట్టె నూకరత్నమ్మకి ఇచ్చేశాను.

మర్నాడు తొమ్మిదింటిదాకా జ్వరంతో మంచం దిగలేదు. అమ్మ పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఉంది. మాత్ర వేసుకుని పదింటికి ల్యాబ్‌కి వెళ్ళాను. మా ల్యాబ్ సార్ రెండో సీసా అడిగారు. ఫ్రిజ్‌లో ఒకటే ఉంది.

రెండోది ఆ పెట్టెలోనే ఉండిపోయిందని అప్పుడు తట్టింది. నూకరత్నమ్మ మనవరాలు నాలుగేళ్ళది, చేపలపెట్టెలో ఐసుముక్కలు తీసుకుని చప్పరిస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో! ఆటో ఎక్కి చేపల బజారుకి పరుగెత్తాను. దారి పొడుగునా ఆ పిల్ల నోరే కళ్ళముందు కనిపించింది.

"ఏంటమ్మా, మళ్ళీ వచ్చేవు?" అంది నూకరత్నమ్మ.

నాకు అర్థం కాలేదు.

"పొద్దున్నే ఆరింటికి వచ్చి నువ్వే కదా తాడు కట్టేసేవు! నేనొచ్చేదాకా మూత తియ్యొద్దు, పిల్లకి ఐసు ఇవ్వొద్దు అన్నావు. పాప చేతిలో ముక్క కూడా లాగి పారేసేవు. బేరం పోద్దన్నా విన్లేదు."

ఆరింటికి నేను మంచం మీద ఉన్నాను. సీసా తప్పిపోయిందని అప్పటికి నాకే తెలియదు!

పెట్టె మూత మీద మా ల్యాబ్ పసుపు టేపు ఉంది. దాని మీద 'తెరవకండి' అని నా చేతిరాత. ఆ టేపు నా సొరుగులోనే ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకుని తాడు విప్పాను. కొత్తగా వేసిన ఐసు బరువుకి సీసా పగిలి ఉంది. పొడి లేదు. కరిగిపోయింది.

వెంటనే సార్‌కి ఫోన్ చేశాను. సార్ వచ్చి అంతా బ్లీచింగ్‌తో శుద్ధి చేయించారు. నేను చేసిన తప్పు దాచకుండా రాసిచ్చాను.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ ఒట్టు పెట్టి చెప్పింది, నేను గడప దాటలేదని. సార్ మాత్రం జ్వరంలో నేనే నడిచొచ్చి మరిచిపోయి ఉంటానన్నారు. నేనూ అదే నమ్ముదామనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పాపని చూడటానికి వెళ్ళాను. "అక్కకి దండం పెట్టవే, నిన్ను కాపాడింది," అంది నూకరత్నమ్మ.

పాప నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఆరోజు పొద్దున్న వచ్చింది ఈ అక్క కాదు, మామ్మా," అంది.

ఆ వచ్చిందెవరో నాకిప్పటికీ తెలియదు. పాప ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది.