మోకాలెత్తు ఊరికి బొడ్రాయి

ఆ రోజుల్లో మా చేవెళ్ల వైపు రైలు చూసినవాడంటే సగం దేశం తిరిగొచ్చినవాడి కింద లెక్క. మా మేనమామ శంకర్‌పల్లి దాకా నడిచిపోయి, స్టేషన్ బయట నిలబడి పొగ చూసి వచ్చి, ఏడాది పాటు ఆ కథే చెప్పుకుని బతికాడు. నేను చూసిన మొదటి రైలు మాత్రం నా మోకాలెత్తు కూడా లేదు. ఇది చెబితే నా మనవరాళ్లు "అబద్ధం, నానమ్మా" అంటారు. (అబద్ధాలు నేనూ ఆడతాను గానీ, ఇంత పెద్దవి కావు.)

మొయినాబాద్ పక్కన ఒక దొరకు మామిడితోట ఉండేది. ఆయన ఇంగ్లాండు పోయి చదువుకు బదులు ఒక బుల్లి ఆవిరి రైలును పట్టుకొచ్చాడు. నిజంగానే నీళ్లు కాగి, పొగ వదిలి, కూత పెట్టే రైలు! తోటంతా పట్టాలు వేయించి, "రైలుంటే ఊరుండాలె గద" అని మా బాపును పిలిపించాడు. బాపుది వడ్రంగం. ఆ ఏడు వానలు లేక మా ఊళ్లో నాగలి చేయించుకునే దిక్కు కూడా లేదు. తోటివాళ్లంతా బొంబాయి మిల్లులకు పోతుంటే ఆయనా మూట కట్టుకున్నాడు. అప్పుడు దొర ఒక మాట ఇచ్చాడు. పట్నం నుంచి వచ్చే పెద్దల ముందు ఈ బొమ్మ ఊళ్లోంచి రైలు చక్కగా నడిస్తే, పట్నంలో తాను కట్టే మేడ పనికి బాపే పెద్ద. లేదంటే బొంబాయే. ఇక మా ఇంట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు.

ఇళ్లు చేసింది బాపు. వాటికి ప్రాణం పోసింది మాత్రం నేనేనని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాను. (పెళ్లయి, ఇంకా కాపురానికి పోని పదిహేడేళ్ల పిల్లకు అంతకన్నా పనేముంది?) మట్టిని చిటికెన వేలి మీద ఒత్తి గూనపెంకులు చేశాను. గోడలకు సున్నం వేసి, అడుగున ఎర్ర జాజు పట్టీ దిద్ది, గడపలకు పసుపు రాశాను. పుల్లలతో నులక మంచాలు, కల్లు దుకాణం ముందు కుండలు, అటు మసీదు, ఇటు చర్చి. చర్చికి గంటగా నా కాలి గజ్జె ఒకటి పీకి కట్టాను. దారం మీద బట్టలు కూడా ఆరేశాను. అందులో చిరుగుల చీర మా ఎదురింటామెది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

పెద్దలు వచ్చే రోజు పొద్దున్నే అవ్వ ఎడ్లబండిలో దిగింది. అవ్వంటే బాపును కన్న తల్లి. నడుం మీద చేతులు పెట్టుకుని ఊరంతా కలియజూసి, "బొడ్రాయేదిరా?" అంది.

"ఇది బొమ్మలూరే అవ్వా," అన్నాడు బాపు.

"బొమ్మలూరైతేంది, ఊరు గాదా? బొడ్రాయి లేని ఊరుంటదా యాడన్న?"

ఊరి నడుమ, ఊరికి బొడ్డులా పాతే రాయి అది. దాన్ని నిలిపిన రోజు పొలిమేర మూసేస్తారు. ఊరి చుట్టూ పొలి, అంటే పసుపన్నం, చల్లేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. దాటితే అరిష్టం. అవ్వ ముందు బాపును ఇళ్ల నడుమకు తోలింది. తర్వాత బొటనవేలంత రాయి పాతి, బొట్లు పెట్టి, ఊరి చుట్టూ, పట్టాల మీదుగా కూడా, పసుపు దారం లాగింది. "మాపటికి పొలి చల్లుదం," అని బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. పెద్దలు వచ్చేది కూడా మాపటికే గనక మేమూ ఊరుకున్నాం.

వాళ్లేమో ఎండ ముదరకముందే మోటార్లలో దిగారు! దొర ఆగలేకపోయాడు. కుర్చీలు వేయించి, ఇంజను నడిపే పట్నం మిస్త్రీకి చెయ్యి ఊపాడు. రైలు కూత పెట్టుకుంటూ మామిడిచెట్ల వెనక నుంచి వచ్చింది. అవ్వ లేచి వెళ్లి పట్టాల మీద నిలబడింది. ఇంజను దారానికి జానెడు దూరంలో ఆగింది.

"జర జరుగమ్మా!" అని మొత్తుకున్నాడు మిస్త్రీ. "నీళ్లు అయిపోతున్నయ్, తొట్టేమో లోపల స్టేషన్ల ఉన్నది, బాయిలర్ పగుల్తది!"

"పగల్నీ. పొలిమేర మూసినం."

దొర మొహం కందగడ్డయింది. "గుంజెయ్యుండ్రి ఆమెను!" అని జవాన్ల మీద అరిచాడు. జవాన్లు దారం దాకా ఉరికొచ్చి అక్కడే ఆగి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దొర భయం ఒక పక్క, బొడ్రాయి భయం ఒక పక్క. లోపల బాపు ఆ మోకాలెత్తు ఇళ్ల నడుమ నిలబడి, ఒకసారి దొరకు, ఒకసారి తల్లికి దండం పెడుతున్నాడు. ఆయనకూ దారం దాటే ధైర్యం లేదు. బొంబాయి పోయిన మా పెదనాయిన మళ్లీ తిరిగి రాలేదు.

"అవ్వా, నీ కాల్మొక్త, గా పొలేదో ఇప్పుడే చల్లుదమే," అన్నాను.

"ఎవరు చల్లుతరే? ఊరి పెద్ద చల్లాలె," అని అవ్వ గడ్డం దొర వైపు ఎత్తింది.

ఆ మాట దొరతో చెప్పేదెవరు? నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక! "బాంచెన్ దొరా, మీరు పొలి చల్లితే బండి లోపలికొస్తదట," అనేశాను. అందరూ నన్నే చూశారు. ఇంజను సన్నగా బుసకొడుతోంది. "ఇగ చుక్క నీళ్లు లేవు హుజూర్," అన్నాడు మిస్త్రీ ఏడుపు గొంతుతో.

దొర బూట్లు విప్పాడు. కోటూ టై మీదే బుట్ట చంకన పెట్టుకుని, మెతుకులు చల్లుతూ ఊరి చుట్టూ పరుగందుకున్నాడు.

"నోరు తెరిచి అనాలె దొరా," అంది అవ్వ.

"పొలి! పొలి!"

చుట్టు తిరిగి రాగానే అవ్వ దారం తెంపింది. రైలు చర్చి గజ్జెను గలగలలాడించుకుంటూ లోపలికి పోయి స్టేషన్లో ఆగింది. వచ్చినవాళ్లు అదంతా ఏర్పాటు చేసిన తమాషా అనుకుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దొర చెమట తుడుచుకుంటూ బాపు దగ్గరికొచ్చి, "ఎల్లుండి పట్నం రా, పని మొదలు. మీ అవ్వను మాత్రం తోలుకరాకు," అన్నాడు.

తిరుగు బండిలో నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను. "ఇంజను పగిలుంటే బాపు బొంబాయి పోతుండె గద! జరంత తెలివున్నదా నీకు?"

"పోవద్దనే గదనే నిలిపిన," అంది అవ్వ. "బొడ్రాయి నిలిపేటప్పుడు లోపలున్నోడు ఊరిడిసి పోడు. మనూర్ల నిలిపేటందుకు నేనెవరిని? గా ఊరైతే నా కొడుకు కట్టిండు."

ఆ మాటకు నేను కడుపు పట్టుకుని నవ్వాను. లోకమంతా తెలుసనుకునే వయసు మరి. బాపు చివరిదాకా పట్నంలోనే పని చేసి, వారం వారం ఇంటికొచ్చాడు. బొంబాయి మొహమే చూడలేదు. అది దొర మేడ చలవేనని మా వాళ్లతో ఎన్నేళ్లు వాదించానో! ఇప్పుడు నాకు ఆనాటి అవ్వ కన్నా ఎక్కువ వయసొచ్చింది. ఇప్పుడూ వాదిస్తాను గానీ, మునుపటంత గట్టిగా కాదు.