నీడన ఆరిన పుస్తకాలకు వచ్చిన మెడల్

పోయిన వారం నేను చదువుకున్న గ్రంథాలయ శాస్త్ర విభాగం నుంచి ఒక ఆహ్వానం వచ్చింది. శుభలేఖ కన్నా మందంగా, అంచులకు బంగారు రంగు పూసిన ఆ కార్డులో, ఈ ఏడు ఎం.లిబ్. విద్యార్థులకు పురస్కారాలు ఇస్తున్నామనీ, ఒకప్పటి పతక గ్రహీతగా నేను వచ్చి నా అమృత హస్తాలతో వాటిని అందించాలనీ రాశారు. మా రోజుల్లో ఒక్క మెడలే ఉండేది. ఇప్పుడు ఉత్తమ పరిశోధన, ఉత్తమ సేవ, ఉత్తమ ప్రతిభ, చివరికి ఉత్తమ భవిష్యత్తు అని కూడా ఒకటి పెట్టారు, తరగతిలో పిల్లల కన్నా పురస్కారాలే ఎక్కువైనట్టున్నాయి. ఇంకా రాని భవిష్యత్తుకు ముందే దండ వేసే ఈ పెద్దమనుషుల తెలివికి దండం పెట్టాలి. నా అమృత హస్తాల సంగతి నాకు తెలుసు కాబట్టి, కార్డును పాత పేపర్ల కింద తోసి, మళ్ళీ తీసి, మళ్ళీ తోసి, చివరికి ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది వేంసూరు వైపు ఒక పల్లె. ఎనభైల్లో నేను ఈ చదువులో చేరినప్పుడు, పుస్తకాల దుమ్ము దులపడానికి కూడా పట్టా కావాలా అని మా చిన్నాన్న నలుగురిలో వెటకారం చేసేవాడు. నాకు చాలా కోపం వచ్చేది. దుమ్ము దులపడం కూడా చేతకాని పట్టభద్రుణ్ణి నేనని ఏడాది తిరక్కుండానే తేలింది.

డిసర్టేషన్ కోసం భద్రాచలంలో ఒక ట్రస్టు నడిపే చిన్న గ్రంథాలయాన్ని ఎంచుకున్నాను. నేను వెళ్ళేసరికి గోదావరి వరద వచ్చి తీసి నాలుగు రోజులైంది, కింది అరల్లోని పుస్తకాలన్నీ ఒండ్రులో నాని ఉబ్బిపోయి ఉన్నాయి. లైబ్రేరియన్ గారు మంచివారే, కాని మహా భయస్థులు, పట్నం నుంచి చదువుకున్నవాడు వచ్చాడని తాళాలు నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నారు. నేను మహా పండితుణ్ణి కదా, మొదటి విడత పుస్తకాలన్నిటినీ డాబా మీద మండుటెండలో పరిచాను. సాయంత్రానికి అట్టలు వంకర్లు తిరిగి, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

అక్కడ ఊడ్చే పనికి రోజు కూలీ మీద వచ్చే ఒక ఆవిడ ఉండేది, అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు. గోదావరి లంకల్లో పొగాకు పనిచేసి చేసి వేళ్ళు నల్లబడిన మనిషి, అక్షరమ్ముక్క రాదు. చీపురు పట్టుకుని నా నిర్వాకం కాసేపు చూసి, "గట్ల ఎండల పెడితె పాపడాలైతయ్ సారూ, పొగాకైనా నీడకే ఆరాలె," అని మిగిలిన పుస్తకాలన్నీ తన చేతిలోకి తీసుకుంది. వరండాలో తాళ్ళు కట్టి, సన్నవాటిని పొగాకు తోరణాల్లా వేలాడదీసింది, లావువాటిని గాలి తగిలేలా నిలబెట్టింది. పచ్చి మీద కాగితం విప్పబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. అరకొరగా ఆరాక మధ్యమధ్య పాత చీర పేలికలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్ళెత్తి, రోజూ కిందివి పైకీ పైవి కిందికీ మార్చేది. నెల తిరిగేసరికి, నేను పాడుచేసినవి తప్ప దాదాపు అన్నీ చదవడానికి పనికొచ్చాయి.

ట్రస్టు కమిటీ సంతోషించి, పుస్తకాలు కాపాడిన మనిషికి అటెండరుగా పర్మనెంటు ఉద్యోగం ఇద్దామనుకుంది. కాని ఊడ్చే మనిషి ఇంత పని చేసిందంటే ఆ మహానుభావులకు నమ్మకం కుదరలేదు, చదువుకున్న అబ్బాయి రాసే పుస్తకంలో ఆమె పేరుంటే అప్పుడు చూద్దామన్నారు. ఆమెకు ఉన్న ఆశ అదొక్కటే. ఆ మాట నాకు స్పష్టంగా తెలుసు.

నిజం చెప్పాలంటే మొదటి ప్రతిలో ఆమె పేరు రాశాను, పద్ధతి అంతా ఆమెదేననీ రాశాను. మా గైడు గారు కళ్ళద్దాల మీద నుంచి చూసి, చీపురు పట్టేదాని పేరుంటే మెడల్ కమిటీ నవ్వుతుందోయ్ అన్నారు. జీవితంలో ఒక్క తడి పుస్తకాన్ని ముట్టుకోని మనిషి ఆయన. ఆయనను ఎంత తిట్టుకున్నా పేరు కొట్టేసిన పెన్ను మాత్రం నాది. 'పరిశోధకుని పర్యవేక్షణలో స్థానిక కూలీల సాయంతో' అని మార్చాను. మెడల్ వచ్చింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు, నేను సిగ్గులేకుండా మెడ వంచాను.

బైండు చేయించిన ప్రతి ఒకటి గ్రంథాలయానికి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చింది.

"నా పేరున్నదా సారూ దీంట్ల?"

ఉందన్నాను. ఎక్కడని అడిగింది. మొదటి పేజీ తెరిచి, మా గైడు గారికి కృతజ్ఞతలు చెప్పిన వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ వరుసను తడిమి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత కమిటీ వాళ్ళు పుస్తకమంతా తిరగేసి, పేరెక్కడా లేదని, ఆమెకు ఆ సంగతి చెప్పకుండానే, ఆ ఉద్యోగాన్ని కార్యదర్శి బావమరిదికి ఇచ్చుకున్నారు.

తొంభైల్లో ఏదో పని మీద భద్రాచలం వెళ్ళి, ధైర్యం చేసి ఆ గ్రంథాలయం మెట్లెక్కాను. ఆమె రెండేళ్ళ కిందటే పోయిందట. నా డిసర్టేషన్ పై అరలో పాత చీర ముక్కలో చుట్టి ఉంది, మొదటి పేజీలో గుర్తుకు పెట్టిన వేపరెమ్మ ఎండి పొడిపొడిగా రాలింది. వచ్చినవాళ్ళందరికీ అది తెరిచి చూపించేదట. లైబ్రేరియన్ గారికి అసలు సంగతి తెలుసు, కాని చెప్పడానికి నోరు రాలేదన్నారు. ఒకసారి సెలవులకు వచ్చిన మనవరాలు, ఇంటర్ చదివే పిల్ల, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ పుస్తకమంతా వెతికి, అవ్వా, ఇది ఎవరో మగాయన పేరు, నీ పేరు ఏడా లేదన్నదట. ఆమె ఆ పిల్లనే కసిరిందట. "సారు అబద్ధమెందుకు చెప్తడే, నీకే సరిగ్గ చదువరాదు."

ఇప్పుడు కార్డు కేటలాగులు పోయాయి, ఆ సొరుగుల చెక్క వాసనా పోయింది. పాత డిసర్టేషన్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు, ఇంట్లో కూర్చుని ఏ పేరైనా వెతుక్కోవచ్చు. నిన్న కూర్చుని మా గైడు గారి పేరు కొట్టాను, బోలెడు వచ్చాయి. నా పేరు కొడితే మెడల్‌తో సహా వచ్చింది. ఆ తర్వాత ఆమె పేరు కొట్టి, రాదని తెలిసీ చాలాసేపు ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆ పిల్ల సరిగ్గానే చదివింది, ముత్తమ్మా.